బ్యాటరీ మార్చే ముందు

కొత్త బ్యాటరీ వేయించి రెండు నెలలు కాలేదు, హారన్ మళ్లీ మూలుగుతోంది. ఇండికేటర్ టిక్కుటిక్కుమని ఆడాల్సింది, వెలిగీ వెలగనట్టు నిలబడిపోతోంది. షాపుకి తీసుకెళ్తే మాట ఒక్కటే: "బ్యాటరీ పోయింది అన్నా, కొత్తది ఎయ్యాలె." చంద్రపూర్‌లో ఈ మాట మరాఠీలో, హిందీలో, తెలుగులో మూడు భాషల్లోనూ వినొచ్చు. బొగ్గు గనులూ కాగితం మిల్లూ తరాలుగా మనవాళ్లని రప్పించుకున్న ఘుగ్గుస్, బల్లార్‌పూర్ వైపు వెళ్తే తెలుగులోనే ముందు వినిపిస్తుంది. ఏ భాషలో చెప్పినా అది ఊహే. మీటరు పెట్టి చూసి చెప్పిన మాట కాదు.

ఈ అధ్యాయంలో నేను పట్టుబట్టేది ఒక్కటే. కొలవకుండా ఏ సామానూ కొనొద్దు. వ్యక్తిత్వం గురించిన పుస్తకంలో మోటార్ సైకిల్ వైర్ల గోల ఎందుకని మీరు అడగొచ్చు. పాత బండి ఛార్జింగ్ సమస్య లాంటి మంచి సాధన నాకు ఇంకోటి దొరకలేదు. ఇందులో లోపం కనబడేది ఒకచోట, ఉండేది ఇంకోచోట. పైగా తప్పుడు వైద్యం కూడా కొన్నాళ్లు పనిచేసినట్టే ఉంటుంది. షాపులోంచి వచ్చిన కొత్త బ్యాటరీ నిండుగా వస్తుంది. బండి దానికి ఒక్క చుక్క కరెంటు ఇవ్వకపోయినా హారన్‌కీ, ఇండికేటర్లకీ, బ్రేక్ లైటుకీ అది కొన్ని రోజులు, పొదుపుగా వాడితే కొన్ని వారాలు సరిపోతుంది. ఆ గడువులో మనం "నయమైంది" అనుకుని మెకానిక్‌ని మెచ్చుకుని మరిచిపోతాం. మళ్లీ మూలిగినప్పుడు ఈసారి బ్యాటరీ కంపెనీని తిట్టి, ఇంకో కంపెనీది కొంటాం.

చంద్రపూర్‌లో గోండు రాజుల నాటి రామాల చెరువు ఉంది. వానలు పడ్డాక కూడా ఒక చెరువు నిండకపోతే దాన్ని పూడ్చి పక్కన కొత్తది తవ్వరు కదా, నీళ్లొచ్చే దారి ఎక్కడ పూడిందో చూస్తారు. బ్యాటరీ విషయంలోనూ ముందు చూడాల్సింది వచ్చే దారినే.

ఆ దారి ఇంజిన్ దగ్గర మొదలవుతుంది. సాధారణంగా ఎడమవైపు కవరు కింద అయస్కాంతం తిరుగుతూ ఉంటుంది, దాని పక్కన కదలకుండా ఉన్న రాగి తీగ చుట్టల్లో కరెంటు పుడుతుంది. పుస్తకాల్లో స్టేటర్ అని రాసే ఆ చుట్టల ప్లేటు మెకానిక్ నోట మాగ్నెట్ కాయిల్. అక్కడ పుట్టేది ఏసీ, బ్యాటరీకి పనికొచ్చేది డీసీ. ఆ మార్పు చేసేది ఆర్ఆర్ యూనిట్, అంటే రెగ్యులేటర్ రెక్టిఫైయర్. పాతకాలం మెకానిక్‌లు కొందరు ఇప్పటికీ కటౌట్ అంటారు. అందులో రెక్టిఫైయర్ ఏసీని డీసీ చేస్తుంది, రెగ్యులేటర్ వోల్టేజీని హద్దు దాటనివ్వదు. అక్కడి నుంచి కప్లర్లు, వైర్లు, ఫ్యూజు దాటుకుని కరెంటు బ్యాటరీకి చేరుతుంది.

ఈ ఏసీ, డీసీ మార్పిడి చంద్రపూర్ జిల్లాకి కొత్త విద్యేమీ కాదు. ఇక్కడి 2920 మెగావాట్ల థర్మల్ స్టేషన్ అందరికీ తెలుసు. దాని పొగగొట్టాలు కనబడే దూరంలో నిలబడి ఇండికేటర్ వెలగడం లేదని విసుక్కోవడం ఈ ఊరికే చెల్లింది. భద్రావతి స్టేషన్ గురించి మాత్రం తక్కువమందికి తెలుసు. పశ్చిమ గ్రిడ్, దక్షిణ గ్రిడ్ వేర్వేరు లయల్లో నడిచిన రోజుల్లో, అంటే 2013 డిసెంబరు 31న రెండూ కలిసేదాకా, రామగుండం వైపు కరెంటుకీ ఇటు కరెంటుకీ నేరుగా పొత్తు కుదిరేది కాదు. అందుకే 1990ల చివర్లో అక్కడ 1000 మెగావాట్ల సామర్థ్యంతో ఒక ఏర్పాటు చేశారు. ఒకవైపు ఏసీని డీసీ చేస్తుంది, దాన్ని మళ్లీ ఏసీ చేసి రెండోవైపు పంపుతుంది. చంద్రపూర్ నుంచి ముంబై దగ్గరి పడ్ఘా దాకా 750 కిలోమీటర్ల పొడవున 500 కిలోవోల్టుల డీసీ లైను కూడా ఉంది. ఆ స్టేషన్లలో పెద్ద హాళ్ల నిండా థైరిస్టర్లనే ఎలక్ట్రానిక్ స్విచ్చులు చేసే పనిని మీ బండిలో అరచేతిలో పట్టే అల్యూమినియం డబ్బా చేస్తోంది. తేడా ఒక్కటే. అక్కడ వేడి లాగేయడానికి ప్రత్యేకమైన కూలింగ్ ఏర్పాట్లుంటాయి. మీ డబ్బాకి ఉన్నది దాని రెక్కలకి తగిలే గాలి మాత్రమే. పాత బళ్లలో చాలావాటికి మిగులు కరెంటుని వేడిగా మార్చి వదిలించుకునే రకం రెగ్యులేటర్ ఉంటుంది. మే నెలలో 47 డిగ్రీలు దాటిన రోజులు చూసిన ఊళ్లో, సైడ్ ప్యానెల్ వెనక బురద పట్టి కూర్చున్న ఆర్ఆర్ ఎంత ఉడికిపోతుందో ఊహించండి. ఇవాళే ఒక పాత బ్రష్షుతో ఆ రెక్కల మధ్య మట్టి దులపండి. పైసా ఖర్చు లేదు.

మీటరు పట్టుకునే ముందు బండి ఏమంటోందో వినాలి. పాత వంద సీసీ బళ్లలో ఎక్కువ భాగం బ్యాటరీ చచ్చిపోయినా కిక్ కొడితే స్టార్టవుతాయి. స్పార్క్‌కి కావలసిన కరెంటు మాగ్నెట్ నుంచే నేరుగా వస్తుంది, హెడ్‌లైటు కూడా అక్కడి ఏసీతోనే వెలుగుతుంది. అందుకే జబ్బు నెలల తరబడి దాక్కుంటుంది. ఇలాంటి బండికి హెడ్‌లైటు బాగా వెలుగుతూ హారన్, ఇండికేటర్లు మాత్రమే నీరసంగా ఉంటే, మాగ్నెట్ మొత్తం పోలేదని అర్థం. ఛార్జింగ్ చుట్టనో, ఫ్యూజునో, బ్యాటరీకి వెళ్లే వైరునో అనుమానించాలి. హెడ్‌లైట్ బల్బులు మాటిమాటికీ మాడిపోతూ బ్యాటరీలో నీళ్లు త్వరగా ఇంకిపోతుంటే కథ తలకిందులు. కరెంటు తక్కువై కాదు, ఎక్కువై చస్తున్నాయి. అప్పుడు ఆర్ఆర్ మీదే చూపు.

పాత బుల్లెట్ ఉన్నవాళ్లకి ఇంకో సదుపాయం, హెడ్‌లైట్ పైన ఆమీటరు. దాన్ని చూసి కంగారుపడేవాళ్లే ఎక్కువ. ముల్లు సున్నా దగ్గర ఉంటే ఛార్జింగ్ రావడం లేదనుకుంటారు. స్టార్ట్ చేయగానే ముల్లు ప్లస్ వైపు వెళ్లి, కాసేపయ్యాక మెల్లగా సున్నా వైపు జారితే అది ఆరోగ్యం, బ్యాటరీ నిండుతోందన్నమాట. వేగంగా వెళ్తున్నా లైటు వేయగానే మైనస్‌లోకి పోయి అక్కడే ఉండిపోతేనే భయపడాలి. ముల్లు పిచ్చిగా ఊగుతోందా? ఎక్కడో ఒక టెర్మినల్ లూజుగా ఉంది.

ఇక మల్టీమీటర్. ఇంట్లో వైరింగ్ చూసుకోవడానికి వాడే మామూలు డిజిటల్ మీటరు చాలు. దాని ధర బ్యాటరీ ధరలో చిన్న వంతు. అయితే ఒక షరతు. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీతో పరీక్ష మొదలుపెడితే అంకెలు మోసం చేస్తాయి. ఖాళీ బ్యాటరీ ఎంత వచ్చినా మింగేసి వోల్టేజీని కిందికే లాగుతుంది. ముందు దాన్ని షాపులో రాత్రంతా ఛార్జింగ్ పెట్టించండి. ఈ ఒక్క రోజు ఓపిక లేకే చాలామంది మంచి ఆర్ఆర్ యూనిట్లని చెత్తబుట్టలో వేస్తారు.

మొదటి కొలత ఉదయం, కీ తిప్పకముందు. మీటరుని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర పుల్ల బ్యాటరీ ప్లస్‌కి, నల్లది మైనస్‌కి తాకించండి. 12.6 నుంచి 12.8 దాకా ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 కిందికి వస్తే దాదాపు ఖాళీ. రాత్రంతా ఛార్జింగ్ పెట్టినా 10.5 దగ్గరే ఆగిపోతే ఆరు సెల్లుల్లో ఒకటి చచ్చిందని చెప్పొచ్చు. ఇక్కడ మాత్రం బ్యాటరీ కొనక తప్పదు, కానీ అది ఎందుకు చచ్చిందో తేలేదాకా పని అయిపోయిందనుకోవద్దు.

రెండో కొలత బరువు పెట్టి. కీ ఆన్ చేసి, బ్రేకు నొక్కి, హారన్ కొడుతూ మీటరు చూడండి. అంకె కాస్త దిగడం సహజం. ఒక వోల్టుకి మించి జారిపోతుంటే బ్యాటరీలో సత్తువ లేదు, లేదా టెర్మినల్ దగ్గర పట్టు లేదు. టెర్మినల్‌కి తెల్లగా, పచ్చగా చిలుము పట్టి ఉంటే వేడినీళ్లతో కడిగి, గీకి, గట్టిగా బిగించి మళ్లీ చూడండి. ఇంత చిన్న పనితో ముగిసిపోయే కేసులు తక్కువేం కాదు.

మూడో కొలతే అసలుది. బండి స్టార్ట్ చేసి, మూడో గేర్లో రోడ్డు మీద వెళ్లేటప్పుడు ఇంజిన్ ఎంత శబ్దం చేస్తుందో అంత రేసులో పట్టి ఉంచి, బ్యాటరీ మీద వోల్టేజీ చదవండి. 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. మొదటి కొలత కంటే ఒక్క చుక్కా పెరగకపోతే ఛార్జింగ్ లేదు. 15 దాటిపోతుంటే రెగ్యులేటర్ హద్దు వదిలేసింది, ఆ బ్యాటరీ ఇక ఉడికిపోతుంది. 13 దగ్గర తచ్చాడుతుంటే హెడ్‌లైట్ ఆపి ఒకసారి, వేసి ఒకసారి చూడండి. 2017 ఏప్రిల్ తర్వాతి కొత్త బళ్లలో హెడ్‌లైట్ ఎప్పుడూ వెలిగే ఉండాలన్న నిబంధన వచ్చింది కాబట్టి ఈ పరీక్ష కుదరదు. పాత బండికి స్విచ్ ఇంకా మన చేతిలోనే ఉంది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి "ఆగిపోతుందా లేదా" అని చూసే అలవాటు కొందరికి ఉంది. దయచేసి చేయొద్దు. బ్యాటరీ ఆసరా పోగానే వోల్టేజీ ఎగిరి బల్బులనీ, ఒక్కోసారి ఆర్ఆర్‌నీ మింగేస్తుంది. ప్లస్, మైనస్ తారుమారు చేసినా అంతే, రెక్టిఫైయర్లో డయోడ్లు క్షణంలో పోతాయి.

మూడో కొలత బాగా లేదు. ఇప్పుడు చేయి ఆర్ఆర్ మీదికి కాదు, వైర్ల మీదికి వెళ్లాలి. నా అనుభవంలో పాత బండి తప్పుల్లో పెద్ద వాటా వీటిదే, అందరూ చివరికి చూసేదీ వీటినే.

ఫ్యూజుతో మొదలుపెట్టండి. గాజు ఫ్యూజు లోపలి తీగ బాగానే కనబడుతుంది, కానీ చివరి టోపీ దగ్గర విడిపోయి ఉంటుంది. కంటితో చూసి వదలకుండా మీటరు బీప్ పెట్టి చూడాలి. తర్వాత మాగ్నెట్ నుంచి వచ్చే వైర్లు ఆర్ఆర్‌ని కలిసే కప్లర్. దాన్ని ఊడదీసి వాసన చూడండి. ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి, ఒక పిన్ను చుట్టూ కరిగి ఉంటే దొంగ దొరికినట్టే. పిన్ను లూజవుతుంది, లూజైనచోట వేడి పుడుతుంది, వేడికి పిన్ను ఇంకా లూజవుతుంది. బొగ్గు లారీల వెనక తిరిగే బండికి దుమ్ము కప్లర్లలో దూరుతుంది, వానాకాలం తేమ తోడై చిలుము పడుతుంది. సన్న ఉప్పుకాగితంతో పిన్నులు రుద్ది, ఆడ పిన్నుని ముక్కు ప్లయర్‌తో కాస్త నొక్కి బిగించండి. కరిగిపోయి ఉంటే కొత్త కప్లర్ వేయించండి. రెండు వైర్లు మెలిపెట్టి టేపు చుట్టేయడం ఇంటికి చేరడానికి చేసే ఉపాయం, మరమ్మతు కాదు.

కంటికి బాగానే ఉన్నా మనసు ఒప్పుకోకపోతే ఈ కొలత చూడండి. ఇంజిన్ మధ్యరకం రేసులో నడుస్తుండగా మీటరు ఒక పుల్ల ఆర్ఆర్ నుంచి బ్యాటరీకి వెళ్లే వైరు మొదట్లో, ఇంకో పుల్ల బ్యాటరీ ప్లస్ మీద పెట్టండి. చాలా హీరో హోండా బళ్లలో ఆ వైరు ఎరుపు, ఎర్త్ ఆకుపచ్చ, మిగతావాటికి రంగులు మారతాయి. రెండు చోట్ల మధ్య తేడా 0.2 వోల్టులకి మించకూడదు. అంతకు మించితే ఆ మేర కరెంటు దారిలోనే వేడిగా పోతోంది. ఇదే పని ఎర్త్ వైపు కూడా చేయండి, ఆర్ఆర్ ఎర్త్ వైరుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య. రంగు వేయించిన బండి అయితే ఎర్త్ బోల్టు కింద పెయింట్ ఉందేమో చూడండి. ముద్దుగా రంగు వేయించుకున్నాక ఛార్జింగ్ పోయిందంటే నేను మొదట ఆ బోల్టు దగ్గరికే వెళ్తాను.

వైర్లు శుభ్రం, అయినా ఛార్జింగ్ లేదు. ఇప్పుడు కాయిల్. మాగ్నెట్ కప్లర్ ఊడదీసి, మీటరుని ఏసీకి మార్చి, ఇంజిన్ నడుపుతూ కాయిల్ వైర్ల మీద చూడండి. రేసు పెంచేకొద్దీ అంకె పెరుగుతూ పోవాలి. పెరగకుండా మొండికేస్తే కాయిల్ కాలిందన్నమాట. మూడు వైర్లు ఒకే రంగులో వచ్చే కాయిలైతే ఏ రెండింటి మధ్య చూసినా అంకె దాదాపు ఒకేలా రావాలి, ఇంజిన్ ఆపి చూస్తే ఏ వైరుకీ బండి బాడీతో సంబంధం ఉండకూడదు. ఇక్కడొక చిక్కు. చిన్న బళ్లలో కొన్నిటికి కాయిల్ ఒక కొసని తయారీలోనే ఎర్త్ చేస్తారు. అలాంటి బండికి ఈ బాడీ పరీక్ష పెట్టి "షార్టయింది" అని తీర్పు చెప్పకండి.

బ్యాటరీ మంచిది, ఫ్యూజు, వైర్లు, ఎర్త్ మంచివి, కాయిల్ మంచిది. మిగిలింది ఆర్ఆర్. ఇప్పుడు కొనండి, నిశ్చింతగా. మీ మోడల్ పేరు చెప్పి కొనండి. కప్లర్ ఒకేలా ఉండి పిన్నుల వరుస వేరుగా ఉండే ఆర్ఆర్‌లు బజార్లో ఉన్నాయి. కప్లర్‌లో దూరింది కదా అని సరిపోయిందనుకోవద్దు.

అన్ని కొలతలూ బాగున్నా రెండు మూడు రోజులు ఆపితే బ్యాటరీ దిగిపోతోందా? ఎక్కడో కారుతోంది. కీ ఆఫ్ చేసి, బ్యాటరీ మైనస్ వైరు తీసి, మీటరుని ఆంపియర్లలో, ముందు 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టి, ఆ వైరుకీ బ్యాటరీకీ మధ్య కలపండి. గడియారం, అలారం లేని పాత బండికి దాదాపు సున్నా రావాలి. రాకపోతే అదనంగా తగిలించినవి ఒక్కోటే పీకుతూ చూడండి. మొబైల్ ఛార్జరు, ఎల్ఈడీ పట్టీ, పాటల హారన్, వీటిలో ఏదో ఒకటి పట్టుబడుతుంది. రాత్రి గని దారిలో వెలుతురు చాలక 55 వాట్ల హాలోజన్లు రెండు బిగించినవాళ్ల లెక్క వేరు. 110 వాట్లంటే 12 వోల్టుల దగ్గర 9 ఆంపియర్లు దాటుతుంది. ఒక చిన్న హెడ్‌లైటుని మోయడానికి చుట్టిన కాయిల్ అంత ఇవ్వలేదు. అక్కడ జబ్బేమీ లేదు, లెక్కే తప్పు.

ఇంకో లెక్క కాలనీ నుంచి గనికి రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బళ్లది. రాత్రి షిఫ్టుకి లైటు వేసుకుని, నెమ్మదిగా వెళ్లి, సెల్ఫ్ బటన్ నొక్కుతూ ఉంటే తీసుకున్నది తిరిగి చేరేలోపే బండి ఆగిపోతుంది. వారానికోసారి పగటిపూట రాజురా దాకా వెళ్లి రండి. అది కూడా మరమ్మతే.

వేసవి గురించి రెండు మాటలు. నీళ్లు పోసే రకం బ్యాటరీ అయితే మార్చి నుంచి మట్టం తరచుగా చూస్తూ, డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి. బోరు నీళ్లలోని లవణాలు ప్లేట్లని చంపుతాయి. యాసిడ్ పోయడం ఇంకా తప్పు, ఇంకిపోయింది నీళ్లే. అదే పనిగా ఇంకిపోతుంటే ఎండని తిట్టే ముందు మూడో కొలత మళ్లీ చూడండి.

మెకానిక్‌తో ఎలా మాట్లాడాలన్నది మిగిలింది. మీటరు చూపించి అతన్ని తప్పుపట్టడానికి వెళ్తే పని చెడుతుంది. రోజుకి ఇన్ని బళ్లు చూసే మనిషి తొందరలో బ్యాటరీ అన్నాడంటే, కస్టమర్లు ఆగి వినరని అనుభవం చెప్పి ఉంటుంది. మీ కొలతలు తేదీతో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ఉదయం ఇంత, హారన్ కొడితే ఇంత, రేసులో ఇంత, కాయిల్ ఏసీ ఇంత. "అన్నా, వైర్లు చూసిన, ఎర్త్ చూసిన, కాయిల్ మంచిగనే ఉంది. ఆర్ఆర్ మీద అనుమానం. నువ్వొకసారి చూసి చెప్పు." అంతే. పని తెలిసిన మెకానిక్ అయితే కళ్లు చిన్నవి చేసి కాగితం చదివి, తన మీటరు బయటికి తీస్తాడు. కాగితం పక్కన పెట్టి మళ్లీ బ్యాటరీ పేరే ఎత్తితే షాపు మార్చండి, ఊళ్లో ఇంకా చాలా ఉన్నాయి. తీసేసిన పాత సామాను అడిగి తెచ్చుకోండి. కొత్త ఆర్ఆర్ వేశాక మూడో కొలత మీ ముందే మళ్లీ తీయమనండి, హెడ్‌లైట్ వేసి ఒకసారి, ఆపి ఒకసారి. ఆ రెండు అంకెలూ అదే కాగితం మీద పాతవాటి కింద రాసుకున్నాకే డబ్బులివ్వండి.